అకస్మాత్తుగా వచ్చిన ధనము సంతోషము నిచ్చునా?

చదువవలసిన భాగములు: లూకా 12:13-21, సామెతలు 30:7-9, 1 తిమోతి 6:6-10, 17-19.



పొలము పని ముగించుకొని రచ్చబండ మీద కూర్చున్నప్పుడు మనలో ఎవరో యొకరు ఈ మాట అనుచుందురు: "ఒక్క పది లక్షలు ఒక్కసారిగా చేతికి వచ్చిన యెడల నా కష్టములన్నియు తీరును." విని అందరును నవ్వుదురు గాని, లోలోపల ప్రతివాడును తన లెక్క తాను వేసికొనును. అప్పుకు ఇంత, కుమార్తె పెండ్లికి ఇంత, ఇంటి కప్పుకు ఇంత. ఈ తలంపు కలుగుటయే పాపమని చెప్పుటకు ఈ పాఠము వ్రాయుట లేదు. ఆకలిగొనిన వానితో ధనము వ్యర్థమని పలుకుట క్రీస్తు మనస్సు కాదు. అయితే ఆ మాట ఎంతవరకు నిజమో వాక్యపు వెలుగులో పరీక్షించుకొందము.

1. ప్రభువు నొద్దకు వచ్చిన తగవు

జనసమూహములో నుండి ఒకడు వచ్చి, తండ్రి ఆస్తిలో తన పాలు పంచి పెట్టుమని తన సహోదరునితో చెప్పవలెనని ప్రభువును వేడుకొనెను. అతని పక్షమున న్యాయమున్నదో లేదో లూకా వ్రాయలేదు. ఒకవేళ ఉండియుండవచ్చును. అయినను ప్రభువు పంపకములకు కూర్చుండలేదు. లోభమునకు ఎడముగా నుండుడని అక్కడివారి నందరిని హెచ్చరించెను.

ఈ సంగతి మనకు దూరమైనది కాదు. రోడ్డు కొరకో కాలువ కొరకో ప్రభుత్వము భూమి తీసికొని పరిహార మిచ్చిన ఒక కుటుంబమును తలంచుకొనుడి. నిన్నటి వరకు అన్నదమ్ములు ఒకే మోటారుతో నీరు పెట్టుకొనిరి, ఆరాధనలో ఒకే చాప మీద కూర్చుండిరి. పైకము బ్యాంకులో పడినది మొదలు, తండ్రి వైద్యమునకు ఎవరు ఖర్చు పెట్టిరి, చెల్లెలి పెండ్లికి ఎవరు అప్పు చేసిరి అని ఇరువది యేండ్ల లెక్కలు బయటికి వచ్చును. అప్పుడు ఒకడు గుడిలో కుడివైపునను, మరియొకడు ఎడమవైపునను కూర్చుండును. ధనము ఆ పగను క్రొత్తగా పుట్టింపలేదు. లోపల దాగియున్న దానిని వెలికి తీసినది.

2. ఒంటరియైన ధనవంతుడు

తరువాత ప్రభువు చెప్పిన ఉపమానములోని ధనవంతుడు దొంగిలినవాడు కాడు. ఆ యేడు అతని భూమి సమృద్ధిగా పండెను, అంతే. అయితే ఆ కథను నెమ్మదిగా చదువుడి. అతడు ప్రశ్న తన్ను తానే అడుగుకొనును, జవాబు తానే చెప్పుకొనును. అందులో భార్య లేదు, పొరుగువాడు లేడు, ఆ పంట కోసిన కూలివాడు లేడు. కొట్లు పెద్దవి చేయవలెనని తోచెను గాని, ఎవరినైనను భోజనమునకు పిలువవలెనని తోచలేదు. అతడు అనేక సంవత్సరములకు లెక్క వేసికొనెను. అతనికి మిగిలినది ఒక్క రాత్రి. ధాన్య ముండుట అతని వెఱ్ఱితనము కాదు. ధాన్యముతో ఆత్మ తృప్తినొందునని నమ్ముటయే వెఱ్ఱితనము.

3. పరీక్షించి చూచినవారి సాక్ష్యము

ఈ విషయమును పండితులును పరిశోధించిరి. 1978లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, ఇల్లినాయి రాష్ట్రపు లాటరీలో పెద్ద బహుమతులు పొందిన 22 మందిని, ఏమియు పొందని మరి 22 మందితో పోల్చి చూచిరి. గెలిచినవారు తక్కినవారికంటె చెప్పుకోదగినంత ఎక్కువ సంతోషముగా లేరు. అంతేకాక, స్నేహితునితో మాటలాడుట, ఉదయపు ఫలహారము తినుట వంటి చిన్న సంగతులలో వారికి కలుగు ఆనందము తక్కువగా నుండెను.

న్యాయముగా రెండవ ప్రక్కయు చెప్పవలెను. 2020లో ప్రకటింపబడిన స్వీడను దేశపు పరిశోధనలో, లాటరీ గెలిచిన 5 నుండి 22 సంవత్సరముల తరువాత ప్రజలను ప్రశ్నించిరి. పెద్ద మొత్తము పొందినవారు తమ జీవిత స్థితిని గూర్చి ఎక్కువ తృప్తి కలిగియుండిరి. అయితే దినదినము అనుభవించు సంతోషములోను, మనోనెమ్మదిలోను కలిగిన మార్పు అంతకంటె చాల తక్కువ.

కాబట్టి ధనము భుజము మీది బరువును కొంత దింపగలదు. హృదయమును మార్చుట దానికి చేతకాదు. క్రొత్త ఫ్యాను తిరిగిన మొదటి రాత్రి ఎంత హాయి! మూడవ నెలలో దానిని ఎవరు తలంతురు? కరెంటు పోయినప్పుడే అది జ్ఞాపకమునకు వచ్చును.

4. నిలుకడ లేని ఆధారము

2014, 2015 సంవత్సరములలో కృష్ణా తీరమున అమరావతి రాజధాని యగునని తెలిసినప్పుడు అక్కడి భూముల ధరలు ఎన్నో రెట్లు పెరిగెను. రైతులు 33 వేల ఎకరములకు పైగా రాజధాని కొరకు ఇచ్చిరి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చినప్పుడు ఆ ధరలు పడిపోయెను. 2024 తరువాత మరల లేచెను. భూమి అదే, మన్ను అదే; మారినది మనుష్యులు దానికి కట్టిన వెల. అందుచేతనే పౌలు, ధనవంతులు అస్థిరమైన ధనమును గాక దేవుని నమ్ముకొనవలెనని వారికి బోధింపుమని తిమోతికి వ్రాసెను.

5. వచ్చినచో ఏమి చేయవలెను?

పౌలు ధనవంతులను సంఘములో నుండి వెళ్లగొట్టుమని చెప్పలేదు. మేలు చేయుటలోను పంచి పెట్టుటలోను ధనవంతులు కావలెనని చెప్పెను. గనుక మీ యింటికి పెద్ద పైకము వచ్చిన యెడల ఈ సంగతులు మరువకుడి.

(అ) మొదట అప్పు తీర్చుడి. మిగిలినది బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఉంచి, తొందరపడక కొన్ని నెలలు ఆలోచించుడి.

(ఆ) భార్యతోను పిల్లలతోను కలిసి ప్రార్థించి నిర్ణయించుడి. ఉపమానములోని ధనవంతునివలె ఒంటరిగా లెక్క వేయకుడి.

(ఇ) ఆడపిల్లల పాలు మరువకుడి. 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా లేనప్పుడు క్రైస్తవుని కుమార్తెకును కుమారునికిని సమాన భాగము కలదు. అక్కచెల్లెండ్రను సంతకము పెట్టించి పంపివేసి, ఆ పైకములోనుండి కానుక తెచ్చుట దేవునికి ప్రీతికరమా?

(ఈ) మీ వీధిలో పైకము రాని ఇంటిని జ్ఞాపకము చేసికొనుడి.

రానివారికి ఒక మాట. దానికొరకు పందెములకును, సెల్‌ఫోను జూదములకును వెళ్లకుడి. తొందరగా కూడినది తరిగిపోవునని, కొంచెము కొంచెముగా చేర్చుకొనినది పెరుగునని జ్ఞాని బోధించెను (సామెతలు 13:11).

ఆగూరు లేమిని అడుగలేదు, కలిమిని అడుగలేదు. ఆ దినమునకు తగిన ఆహారమును అడిగెను. కలిమిలో దేవుని మరతునేమో, లేమిలో దొంగిలుదునేమో అని అతడు తన హృదయమునకే భయపడెను. తన హృదయమును అంతగా ఎరిగినవాడు ధన్యుడు.

ధ్యానించుటకు ప్రశ్నలు

1. పైకము వలన మీతో మాటలు మానిన సహోదరుడు గాని సహోదరి గాని కలరా? ఈ ఆదివారమునకు ముందు వారి ఇంటికి వెళ్లగలరా?

2. రేపు పెద్ద మొత్తము వచ్చినచో మొదట ఎవరితో చెప్పుదురు? ఎవరికి దాచుదురు? ఎందుకు?

3. ఈ దినమున మీకు సంతోషము కలిగించిన చిన్న సంగతి ఏది? దానికొరకు దేవునికి స్తోత్రము చెల్లించితిరా?

ప్రార్థన: తండ్రీ, మా చేతులు నిండినప్పుడు మా తలుపులు మూసికొనకుండునట్లును, మా చేతులు వట్టివైనప్పుడు మా నోరు సణగకుండునట్లును మాకు సహాయము చేయుము. ఆమేన్.