సింప్యూటరు

జి. కొండూరు ప్రాంతమున మామిడికాపు దిగు దినములలో రైతు చేతికి లెక్కచీటి వచ్చును. చదువు రానివాడు దానికై మరియొకని నోటిమాటను నమ్మవలసినదే. ఆ లెక్కను తన భాషలో పలికి వినిపించు చిన్నయంత్రము జేబులో నుండిన నెంత మేలు!

ఇట్టివారి కొరకే బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థ ఆచార్యులు విజయ్ చంద్రు, స్వామి మనోహర్, రమేశ్ హరిహరన్, వి. వినయ్ అనువారు, ఎన్‌కోర్ సంస్థతో కలిసి, 2001లో ‘సింప్యూటరు’ నమూనాను వెలువరించిరి. అరచేత నిముడు ఆ కంప్యూటరు లైనక్సుతో నడచును; తెరపై చిన్నపుల్లతో తాకిన చాలును, భారతీయ భాషలలో పలుకును. దాని నిర్మాణ పటములను దాచక, కొన్ని షరతులపై ఇతరులకు నిచ్చుటకు నిశ్చయించిరి.

అందరును కొనలేరు గదా! అందుకొక ఉపాయము పన్నిరి. యంత్రము ఊరికొక్కటి, స్మార్టుకార్డు మనిషికొక్కటి. రైతు తన కార్డు నుంచిన నాతని లెక్కలే కనబడును. బాడుగ సైకిలు వంటిదే యిది. కాని బాడుగ సైకిలు ఎక్కినవాని నెరుగదు.

2004 ఏప్రిలులో ‘అమిడా’ పేర అది విపణికి వచ్చెను. వెల ఇంచుమించు పదివేల రూపాయలు మొదలు. కొన్నవారు కొన్నివేలమందియే, చేతిఫోనులు నానాటికి చౌకయగుచుండెను. నేడు ఆ ఫోనులు తెలుగున చదివి వినిపించుచున్నవి. వాని లోపలి పటములు మాత్రము కొన్నవానికి దొరకవు.