నలభై దాటిన ఆటగాడు

సాయంకాలం అయిదున్నర అయితే చాలు, మన ఊళ్ళలో హైస్కూలు మైదానంలోనో, సంత వెనుక ఖాళీ స్థలంలోనో వాలీబాల్ వల కడతారు. ఆడేవారిలో కుర్రవాళ్ళతో పాటు బ్యాంకు గుమాస్తాలు, తాపీమేస్త్రీలు, ఉపాధ్యాయులు కూడా ఉంటారు. వీరికి పతకాలు రావు, పత్రికల్లో పేర్లూ రావు. అయినా రోజంతా ఆ ఒక్క గంట కోసమే ఎదురు చూస్తారు. నలభై దాటిన అలాంటి ఆటగాడు ఒకరు పైకెగిరి బంతి కొట్టి నేలకు దిగుతుండగా పిక్కలో కలుక్కుమన్నదనుకుందాం. మరునాడు ఆయన ఏం చేయాలి?

సాధారణంగా జరిగేవి రెండు. పంటి బిగువున నొప్పి భరించి ఆడటం ఒకటి. "ఇక మన వల్ల కాదు" అని బూట్లు అటకెక్కించడం రెండోది. మొదటి దానివల్ల గాయం ముదురుతుంది. రెండో దానివల్ల ఆటతో పాటు కదలిక తగ్గుతుంది, సాయంకాలపు స్నేహాలు పోతాయి, ఒళ్ళు బరువెక్కుతుంది. చూడటానికి బుద్ధిమంతుల పనిలా ఉన్నా, రెండోదే ఎక్కువ నష్టం.

అసలు శరీరంలో ఏం జరుగుతుందో చూద్దాం. నడివయస్సు నుండి కండరాలు కొద్దికొద్దిగా తగ్గుతాయి. గుండె నిమిషానికి గరిష్ఠంగా ఎన్నిసార్లు కొట్టుకోగలదో ఆ సంఖ్య కూడా తగ్గుతూ వస్తుంది. కండరానికి రక్తప్రసరణ ఎక్కువ కనుక గాయం త్వరగా మానుతుంది. కండరాన్ని ఎముకకు కలిపే స్నాయుబంధనానికి రక్తప్రసరణ తక్కువ. అందుచేత నొప్పి పోయినా లోపల బలం రావడానికి నెలలు పట్టవచ్చు. ఎముక విరిగితే పుత్తూరు కట్టు కోసం పరుగెత్తే మనవాళ్ళు బెణుకును మాత్రం లెక్కచేయరు!

తన శరీరాన్ని తాను బాగా గమనించుకున్న ఒక పరుగు వీరుని సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ఆయన పేరు ఎడ్ విట్‌లాక్. 1931లో లండన్‌లో జన్మించాడు. గనుల ఇంజనీరుగా కెనడాలో స్థిరపడ్డాడు. చదువుకునే రోజుల్లో బాగా పరుగెత్తేవాడు గాని, మడమ వెనుక స్నాయుబంధనం బాధించడంతో మానేశాడు. నలభై దాటాక మళ్ళీ మొదలుపెట్టాడు. పెద్దవాడయ్యాక ఆయన సాధన చేసిన చోటు క్రీడాప్రాంగణం కాదు, మిల్టన్ అనే ఊళ్ళో తన ఇంటి దగ్గరి శ్మశానవాటిక! అక్కడ వాహనాల బెడద లేదు. అలసిపోతే ఇల్లు దగ్గరే. చిన్న చిన్న అడుగులు వేస్తూ, కావాలనే నెమ్మదిగా, ఒక్కోసారి మూడు గంటల పాటు ఆ సమాధుల చుట్టూ తిరిగేవాడు. వేగమంతా పందెం రోజుకు దాచుకునేవాడు. ఈ సాధన తనకు సంతోషకరమేమీ కాదని దాపరికం లేకుండా చెప్పేవాడు కూడా. మోకాళ్ళు మొరాయించినప్పుడు నెలల తరబడి పరుగు ఆపేవాడు. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు పాత లెక్క అందుకోవాలని తొందరపడలేదు.

2003లో, 72 ఏళ్ళ వయస్సులో, 42.195 కిలోమీటర్ల మారథాన్‌ను 3 గంటల లోపు ముగించాడు. డెబ్బై దాటినవారిలో అంతకుముందు ఎవరూ ఆ పని చేయలేదు. మరుసటి ఏడు ఇంకా వేగంగా, 2 గంటల 54 నిమిషాల్లో పూర్తి చేశాడు. ఎనభయ్యవ ఏట, 2011 అక్టోబరు 16న, టొరంటోలో ఆయనకు 3 గంటల 15 నిమిషాలు పట్టింది. ఏడేళ్ళలో ఇరవై నిమిషాలు పెరిగిందని చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. ఆ వయస్సువారికి అది ప్రపంచ రికార్డు.

అదే రోజు అదే పందెంలో మన పంజాబుకు చెందిన ఫౌజా సింగ్ కూడా పరుగెత్తాడు. పాస్‌పోర్టు ప్రకారం ఆయనకు అప్పటికి నూరేళ్ళు. ఆయనకు ఎనిమిది గంటలకు పైగా పట్టింది. జనన పత్రం లేదని గిన్నిస్ పుస్తకం వారు ఆ ఘనతను నమోదు చేయలేదు. 2013లో హాంకాంగ్‌లో 10 కిలోమీటర్లు పరుగెత్తి ఆయన పోటీలు విరమించాడు. నడక మాత్రం విరమించలేదు.

పెద్దల క్రీడల నియమాలు కూడా వయస్సుతో పాటు మారతాయి. ముప్పై అయిదు దాటినవారిని అయిదేళ్ళకొక వర్గంగా విడదీస్తారు. వయస్సు పెరిగేకొద్దీ విసిరే గుండు బరువు, దూకే హర్డిల్ ఎత్తు తగ్గిస్తారు. దీన్ని ఎవరూ చిన్నతనంగా భావించరు.

ఇక మన వాలీబాల్ ఆటగాడి దగ్గరకు వద్దాం. పిక్క పూర్తిగా నయమయ్యేవరకు ఆయన వల దగ్గర ఎగరకూడదు. వైద్యుడు సరేనంటే సైకిలు తొక్కవచ్చు, ఈదవచ్చు. తిరిగి వచ్చాక బంతి కొట్టే స్థానం కుర్రవాడికిచ్చి, బంతిని ఎత్తి ఇచ్చే పని తాను తీసుకోవచ్చు. ఎగిరే బలం తగ్గినా చేతివాటం, ఎదుటివారి ఎత్తు కనిపెట్టే చూపు అంత త్వరగా పోవు. దిగగానే ఆటలోకి దూకకుండా పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కించుకోవాలి. రోజూ కాక రోజు విడిచి రోజు ఆడాలి. కాలు మోపలేకపోయినా, కీలు వాచినా, ఆడుతుండగా గుండెలో నొప్పి వచ్చినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి.

అర్థాలు
పిక్క : మోకాలి కింద వెనుక భాగంలోని కండ
మొరాయించు : మొండికేయు, కదలనని నిలిచిపోవు
చిన్నబుచ్చుకొను : మనసు కష్టపెట్టుకొను

ప్రశ్నలు
1. నొప్పి తగ్గినంత మాత్రాన స్నాయుబంధనం బాగుపడిందని ఎందుకు అనుకోకూడదు?
2. విట్‌లాక్ సాధనకు శ్మశానవాటికను ఎందుకు ఎంచుకున్నాడు?
3. "రెండోదే ఎక్కువ నష్టం" అన్న మాటతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు రాయండి.
4. మీ ఇంట్లోగాని, వీధిలోగాని నలభై దాటిన ఆటగాడినో, ఆటగత్తెనో కలిసి, ఆటలో ఏమేమి మానుకున్నారో, ఏమేమి మార్చుకున్నారో అడిగి రాయండి.