పాఠం: కరెంటు పోయినప్పుడు రంపం మిషన్ దగ్గర

లైంగ్‌థార్యార్ పారిశ్రామిక వాడల్లో చెక్కపనికి వచ్చిన వడ్రంగులు, హెల్పర్లు ఈ పాఠాన్ని చదవగలరు. చదవడం రాని తోటివారికి చదివి వినిపించగలరు.

మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి ముడి దుంగల ఎగుమతిని నిలిపివేసింది. కాబట్టి బయటికి పోయే టేకును ముందు ఇక్కడే కోయాలి. మన ఊళ్ళో 'బర్మా టేకు తలుపు' అని గొప్పగా చెప్పుకునేది ఈ చెక్కనే. మీలో చాలామంది ఉలి, బాడిత, చిత్రిక పట్టి పని నేర్చినవారు. ఆ పనితనం మీకు ఇక్కడా పనికొస్తుంది. అయితే ఒక తేడా ఉంది. మీ చెయ్యి ఆగితే ఉలి ఆగుతుంది, మిషన్ ఆగదు. నిమిషానికి 3,000 సార్లు తిరిగే 10 అంగుళాల బ్లేడు పన్ను సెకనులో సుమారు 40 మీటర్లు పోతుంది. చెయ్యి వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు.

మా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెబుతాము. ఆయన శ్రీకాకుళం వైపు వడ్రంగి, పదిహేనేళ్ళ అనుభవం. కోత మధ్యలో కరెంటు పోయింది. ఇక్కడ కరెంటు పోవడం కొత్త కాదు కదా. బ్లేడు ఆగింది, చెక్క ఇరుక్కుంది, స్విచ్ మాత్రం ఆన్‌లోనే ఉంది. ఆయన ముక్కను చేత్తో లాగుతుండగా అవతల జనరేటర్ వేశారు. రెండు వేళ్ళు పోయాయి. "పని రాక కాదు సార్, ఆగిపోయింది కదా అనుకున్నాను" అన్నాడు. కరెంటు తిరిగి వచ్చినా మిషన్ తనంతట తాను తిరగకుండా ఆపే బటన్ స్విచ్ దానికి లేదు. అది యజమాని తప్పే. కానీ ప్లగ్గు ఆయన చేతికి అందేంత దూరంలోనే ఉంది.

కరెంటు పోగానే ముందు స్విచ్ ఆపండి, తర్వాత ప్లగ్గు పీకండి, ఆ తర్వాతే చెక్క ముట్టుకోండి. బ్లేడు మార్చేటప్పుడూ ఇంతే. ప్లగ్గు లేని పెద్ద మిషన్ అయితే మెయిన్ ఆపించి, బోర్డుకు తాళం వేసి, తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి.

టేకులో ఇసుకలో ఉండే సిలికా ఉంటుంది. దానివల్ల బ్లేడు త్వరగా మొద్దుబారుతుంది. మొద్దు బ్లేడుతో కోస్తే చెక్కను గట్టిగా తోయాలి, చెయ్యి జారితే నేరుగా బ్లేడు మీదికే పోతుంది. పదును పెట్టించమని మేస్త్రిని అడగడానికి మొహమాటపడవద్దు. చివరి జానెడు చెక్కను చేత్తో కాక కర్రతో తోయండి. పనికిరాని ముక్కతో ఆ కర్ర మీరే చేసుకోవచ్చు. బ్లేడుకు సూటిగా నిలబడవద్దు. కోత బిగుసుకుంటే చెక్క మీ పొట్ట మీదికి దూసుకొస్తుంది. లుంగీతో మిషన్ దగ్గరికి రావద్దు. గ్లవ్స్ కూడా వద్దు, అవి చిక్కుకుంటే వేలిని కూడా లోపలికి లాగుతాయి.

మన సైట్లలో మార్బుల్ కట్టర్‌కు చెక్క బ్లేడు బిగించి కోసే అలవాటు ఉంది. ఇక్కడ దాన్ని పూర్తిగా మానాలి.

గార్డు లేని మిషన్ ఎక్కమంటే "గార్డు పెట్టించండి, కోస్తాను" అని మర్యాదగా చెప్పండి. ప్రమాదకరంగా తిరిగే భాగాలకు రక్షణ పెట్టడం ఇక్కడి 1951 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం యజమాని బాధ్యత. ఉన్న గార్డును ముక్కకింత కూలీకి ఆశపడి మీరే విప్పి పక్కన పెడితే అది మీ బాధ్యత. ఈ మాట కటువుగా ఉన్నా చెప్పక తప్పదు.

వేలు తెగితే గాయం మీద శుభ్రమైన గుడ్డ గట్టిగా అదిమి చెయ్యి పైకి ఎత్తి పట్టాలి. తెగిన ముక్కను తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి, ఆ సంచిని ఐసు మీద పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ముక్కను నేరుగా ఐసులో పెట్టరాదు.

2012 సోషల్ సెక్యూరిటీ చట్టం కింద మీ పేరు నమోదైందో లేదో ఈ వారమే ఆఫీసులో అడగండి. ప్రమాదం జరిగితే తేదీ, సమయం, మిషన్, చూసినవారి పేర్లు అదే రోజు రాసి ఉంచండి. ఒప్పందం కాపీ, పాస్‌పోర్టు, ఆసుపత్రి చీటీ తీసుకుని యాంగోన్ మర్చంట్ స్ట్రీట్‌లోని భారత రాయబార కార్యాలయానికి రండి. రాయడం రాకపోతే మీరు చెప్పండి, మేము రాసిపెడతాము.