మట్టి పరీక్ష కార్డులో ముందు చూడాల్సిన గడి

మట్టి పరీక్ష కార్డు చేతికి రాగానే అందరి చూపూ నత్రజని, భాస్వరం, పొటాష్ గడుల మీదికే పోతుంది. సేంద్రియ కర్బనం అని ఇంకో గడి ఉంటుంది, ముందు అది చూడండి. 0.5 శాతం లోపుంటే తక్కువ, 0.75 దాటితే బాగున్నట్టు. కర్బనం అడుగంటిన నేలలో యూరియా నిలవదు. కొంత నీళ్లతో కిందికి దిగిపోతుంది, కొంత గాలిలో కలుస్తుంది. ఇంకో బస్తా చల్లినంత మాత్రాన ఆ లోటు పూడదు.

వరి రైతుకు దగ్గర దారి పచ్చిరొట్ట. తొలకరి జల్లు పడగానే ఎకరాకు 12 కిలోల జీలుగ చల్లండి. చౌడు నేలకు జీలుగే మేలు. పాడి ఉన్నవాళ్లు పిల్లిపెసర వేసుకుంటే మేతా కలిసొస్తుంది. నెల దాటాక ఒక మొక్క పెరికి వేరు బుడిపెను గోటితో చిదమండి. లోపల ఎర్రగా ఉంటే నత్రజని పట్టే పని సాగుతోందన్నమాట.

చాలామంది దెబ్బతినేది దున్నే అదును దగ్గరే. ట్రాక్టరు దొరకలేదనో, ఇంకాస్త ఎదగనిద్దామనో ఆగుతారు. పూతకు రాగానే, అంటే 45 రోజుల ప్రాంతంలో, కలియదున్నేయాలి. కాడ వంచితే పుటుక్కున విరగాలి. నార సాగిందంటే ఆలస్యమైనట్టే, అది త్వరగా చివకదు. దున్నేముందు సూపర్ ఫాస్ఫేట్ చల్లి, నీళ్లు పెట్టి, వారం పది రోజులు మగ్గనిచ్చాకే నాట్లు వేయండి. ఆపైన యూరియా కొంత తగ్గించుకోవచ్చు. అది తగ్గించకపోతే పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, పురుగూ పడుతుంది.

కోత మిషను వదిలిన గడ్డికి నిప్పు పెట్టడం మాత్రం మానండి. పొలానికి దక్కాల్సిన కర్బనం, నత్రజని పొగై పోతాయి. వేసవిలో గొర్రెల మంద కట్టించగలిగితే ఇంకా మంచిది.

ఇదంతా సొంత పొలం ఉన్నవాళ్ల మాట. ఏటేటా మారే కౌలుకు చేసేవాళ్లు వచ్చే ఏడు ఎవరిదో తెలియని నేలకు పెట్టుబడి పెట్టమంటే పెట్టరు, అది వాళ్ల తప్పు కాదు. మూడేళ్ల కౌలు అడగండి. కుదరకపోతే జీలుగ విత్తనం ఖర్చు యజమానిది, దున్నకం మనది అని కౌలు మాట్లాడుకునే రోజే తేల్చుకోండి.