కళాశాల క్రీడాకారునికి వేతనమా?

కళాశాల జట్టులో ఆడే విద్యార్థికి జీతం ఇవ్వవలెనా అన్న వివాదం అమెరికాలో చాలకాలంగా నడుస్తున్నది. అక్కడ పెద్ద విశ్వవిద్యాలయాల ఆటలు టిక్కెట్ల వలన, టెలివిజన్ హక్కుల వలన కోట్ల డాలర్లు ఆర్జిస్తాయి. తెలుగు బోధించేవారము గనుక మా దృష్టి ముందుగా అక్కడి ఒక సమాసంపై నిలిచింది: 'విద్యార్థి-క్రీడాకారుడు'.

1955లో కొలరాడో రాష్ట్రంలో ఫోర్ట్ లూయిస్ కళాశాల పక్షాన ఫుట్‌బాల్ ఆడుతూ రే డెన్నిసన్ అనే యువకుడు తలకు దెబ్బ తగిలి మరణించాడు. (అది మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు; ఒకరినొకరు ఢీకొని పడవేసే ఆట.) కార్మికులకిచ్చే నష్టపరిహారం ఇప్పించవలెనని అతని భార్య కోరింది. కళాశాల ఫుట్‌బాల్ వ్యాపారం చేయడం లేదనీ, అతడు ఆటకు కుదిరిన ఉద్యోగి కాడనీ 1957లో రాష్ట్ర సుప్రీంకోర్టు నిరాకరించింది. ఆటగాళ్లను ఉద్యోగులుగా గుర్తిస్తారేమోనన్న భయంతోనే ఆ సమాసం పుట్టిందని, జాతీయ కళాశాల క్రీడాసంఘాన్ని 1951 నుండి 1987 వరకు నడిపిన వాల్టర్ బయర్స్ 1995లో తన గ్రంథంలో ఒప్పుకున్నాడు. వ్యాకరణరీత్యా రెండు పదాలకూ సమాన ప్రాధాన్యమే. డబ్బు దగ్గరకు వచ్చేసరికి మొదటిపదం మాత్రమే మిగిలింది.

ఉచితంగా చదువు, వసతి ఇస్తున్నారు గదా, అది చాలదా అని కొందరంటారు. ఫీజుకే అప్పు చేసే ఇళ్లనెరిగిన మేము ఆ వాదాన్ని తేలికగా తోసివేయలేము. అయితే గాయపడినవాని పూచీ ఎవరిది? జీతం కన్న ముందు ఇది తేలవలెనని మా అభిప్రాయం. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందంతో ఒక్కొక్క విద్యాలయం తొలి సంవత్సరంలో సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు ఆటగాళ్లకు పంచవచ్చును. ఆ ఒప్పందమైనా వారిని ఉద్యోగులని పేర్కొనలేదు.