ఇల్లు కొన్నాక కనిపించని వస్తువులు: షరీఅత్ ఏమంటుంది?

 

నమాజులో, రోజాలో చిన్న సందేహం వచ్చినా మనం ఆలిముల దగ్గరికి పరుగెత్తుతాం. మంచి అలవాటే. కానీ ఇల్లు కొనేటప్పుడు గానీ అమ్మేటప్పుడు గానీ ఎవరూ అడగరు. బ్రోకరును అడుగుతారు, డాక్యుమెంటు రైటరును అడుగుతారు. తగవు ముదిరి, సలాములు ఆగిపోయిన తర్వాత మాత్రం మస్జిదు మెట్లెక్కుతారు. తోటి మనిషి సొమ్ము కూడా దీన్‌లోని విషయమేనని, హక్కుల్ ఇబాద్ లెక్క చాలా కఠినమైనదని అప్పుడు గుర్తుకొస్తుంది.

నెల్లూరు జిల్లాలో మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా ఉన్న తీరపు ఊళ్లలో ఒకదాని నుంచి ఇలాంటి తగవే నా దగ్గరికి వచ్చింది. ఊరి పేరు, మనుషుల పేర్లు మనకు అనవసరం. కువైట్‌లో పనిచేసే ఒక సోదరుడు సొంతూరిలో ఇల్లు కొన్నాడు. అమ్మినది అదే వీధిలోని ఒక పెద్దాయన. రిజిస్ట్రేషన్ అయింది. ఇరవై రోజుల తర్వాత కొన్నవాని భార్య, తమ్ముడు తాళం చెవులు తీసుకొని ఇల్లు తెరిచారు. బోరులో మోటారు లేదు. వీధి గేటు లేదు. ఫ్యాన్లు లేవు. ఇన్వర్టరు లేదు. పెరట్లోని నాలుగు కొబ్బరిచెట్ల మీద ఒక్క కాయ లేదు.

ఆ చెల్లెలు పెద్దాయన ఇంటికి వెళ్లి, “చాచా, మేము చూసినప్పుడు మోటారు ఉంది కదా?” అని అడిగింది. ఆయన, “అమ్మా, మోటారు సంగతి నాకు తెలియదు. అయినా నేను అమ్మింది ఇల్లు, సామాను కాదు” అన్నాడు. సాయంత్రం టీ అంగడి దగ్గర మరిది నలుగురిలో నిలబడి పెద్దాయనను “దొంగ” అన్నాడు. ఆ రోజు నుంచి రెండు ఇళ్ల మధ్య మాటలు లేవు.

ఇలాంటి తగవులో వరుసగా మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటి ప్రశ్న: ఇంటితో పాటు ఏది వస్తుంది?

మన హనఫీ ఫుఖహాలు దీన్ని ఎంతో వివరంగా చర్చించారు. ఇల్లు అమ్మితే, పేరు పెట్టి చెప్పకపోయినా కట్టడమంతా అమ్మకంలోకి వస్తుంది. శాశ్వతంగా ఉండాలని బిగించినవన్నీ ఇంటిలో భాగమే. హిజ్రీ 593లో మరణించిన ఇమామ్ మర్గీనానీ (రహ్మలై) తన ‘హిదాయా’లో తాళం చెవి ఉదాహరణ ఇచ్చారు. తలుపుకు బిగించిన తాళం ఇంటితో వస్తుంది. చెవి లేని తాళం పనికిరాదు గనుక చెవి కూడా దానితోనే వస్తుంది. తగిలించి తీసే విడి తాళం కప్ప మాత్రం రాదు. ఫిఖ్‌హ్ గ్రంథాల్లో బావి ఉదాహరణ కూడా ఉంది: బావికి బిగించిన గిలక కొన్నవానిది. వేలాడుతున్న చేద, చేంతాడు అమ్మినవానివి, ప్రత్యేకంగా మాట్లాడుకుంటే తప్ప.

మన దేశ చట్టం చెప్పేది కూడా దీనికి దగ్గరగానే ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 8వ సెక్షన్ ప్రకారం, వేరే ఉద్దేశం కనబడకపోతే, ఇంటితో పాటు తాళాలు, తాళం చెవులు, గడియలు, తలుపులు, కిటికీలు, ఇంటితో శాశ్వతంగా వాడుకోవడానికి అమర్చినవన్నీ బదిలీ అవుతాయి. అయితే బోల్టు ఉందా లేదా అన్నది ఒక్కటే గీటురాయి కాదు. 1974లో ప్రచురితమైన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఒకటి టూరింగ్ టాకీస్ సామగ్రి గురించినది. దాన్ని భూమిలో బిగించినా, తాత్కాలికంగా నడుపుకోవడానికే బిగించారు గనుక అది చరాస్తేనని కోర్టు చెప్పింది. ఉద్దేశం ఏమిటన్నది అక్కడ కూడా చూశారన్నమాట.

ఇప్పుడు మన తగవులోని వస్తువులను చూద్దాం. గేటు గోడలో భాగం, అది కొన్నవానిది. ఇన్వర్టరు ఎక్కడికైనా మోసుకుపోయే వస్తువు, అది అమ్మినవానిది. ఫ్యాన్ల విషయంలో ఉర్ఫ్, అంటే ఆ ఊరి వాడుక ప్రమాణం. ఆ ఊళ్లో ఇల్లు అమ్మినవారు ఫ్యాన్లు విప్పుకొనిపోతారని ఇరువైపుల వారూ ఒప్పుకున్నారు. కాబట్టి అవి పెద్దాయనవే.

మరి మోటారు? అది చేద లాంటిదా, గిలక లాంటిదా? నీళ్లు తోడుతుంది గనుక చేద అనవచ్చు. కానీ పైపులతో బోరులోకి దించి, ఇంటి కుళాయిలన్నిటికీ కలిపి, అక్కడే ఉండాలని అమర్చినది. ఇల్లు చూపించిన రోజు కుళాయి తిప్పి చూపించారు. సముద్రం దగ్గరి ఊళ్లలో మంచినీళ్ల బోరు ఉన్న ఇంటి విలువే వేరు. అందుచేత అది గిలక లాంటిదేనని, కొన్నవానిదేనని నేను చెప్పాను.

కొబ్బరికాయల సంగతి హదీసులోనే దొరుకుతుంది. పరాగ సంపర్కం చేసిన ఖర్జూరపు చెట్టును అమ్మితే, కొనేవాడు షరతు పెట్టుకోని పక్షంలో ఆ కాపు అమ్మినవానిదేనని దైవప్రవక్త (సల్లం) చెప్పినట్లు హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించారు (బుఖారీ, ముస్లిం). అమ్మేనాటికి చెట్టు మీద ఉన్న కాయలు పెద్దాయనవి. చెట్లు, ఆ తర్వాత వచ్చే కాపు కొన్నవానివి.

రెండవ ప్రశ్న: వస్తువు ఎప్పుడు పోయింది?

బేరానికి ముందే తీసేసి ఉంటే, చూసినప్పుడు ఉన్నది తర్వాత లేదని కొనేవాడు బేరాన్ని వదులుకోవచ్చు. బేరం కుదిరాక, అప్పగించక ముందు పోతే బాధ్యత అమ్మినవానిది. అమ్మినవాడే తీసి ఉంటే దాని వంతు ధర తగ్గుతుంది. తాళం చెవి చేతికి వచ్చి, ఇల్లు స్వాధీనమైన తర్వాత పోతే నష్టం కొన్నవానిది. అప్పుడు అమ్మినవాణ్ణి అడగడం అన్యాయం. పైన చెప్పిన చట్టంలోని 55వ సెక్షన్ కూడా, ఒప్పందం నాటి నుంచి అప్పగించే దాకా ఆస్తిని వివేకం గల యజమానిలా కాపాడవలసిన బాధ్యతను అమ్మేవాని మీదే ఉంచింది.

మూడవ ప్రశ్న: రుజువు ఎవరు చూపాలి?

దావా వేసినవాడు రుజువు చూపాలి. కాదన్నవాడు ప్రమాణం చేయాలి. ఇది షరీఅత్ సూత్రం. మనుషులు అడిగిందల్లా ఇచ్చేస్తే ఇతరుల ప్రాణాలకూ సొమ్ముకూ రక్షణ ఉండదన్నదే దీని వెనుక ఉన్న హెచ్చరిక. కాబట్టి వస్తువు కనిపించలేదన్నది ఒక మాట, ఫలానావాడు దొంగిలించాడన్నది వేరే మాట. మొదటిది ఫిర్యాదు, రెండవది నింద. అనుమానాలకు దూరంగా ఉండమని అల్ హుజురాత్ సూరా 12వ ఆయతు మనల్ని ఆదేశిస్తోంది.

మస్జిదులో కూర్చున్నప్పుడు పెద్దాయన కళ్లనీళ్లు పెట్టుకొని, “మౌల్వీ సాబ్, ఖుర్ఆన్ తెప్పించండి. ఆ మోటారును నేను ముట్టలేదని ప్రమాణం చేస్తాను” అన్నాడు. నేను ఆయన చేయి పట్టుకొని, “చాచా, ప్రమాణానికి తొందరపడకండి. ముందు మీ ఇంట్లో అందరినీ అడగండి” అన్నాను.

మగ్రిబ్ తర్వాత ఆయన తన పెద్ద కొడుకును వెంటబెట్టుకొని వచ్చాడు. మోటారు కొడుకు తీశాడు. రొయ్యల చెరువు దగ్గర బోరుకు బిగించాడు. అది తమదే అనుకున్నాడు, తండ్రికి చెప్పలేదు. పెద్దాయన అబద్ధమాడలేదు. ఆ చెల్లెలూ అబద్ధమాడలేదు. కానీ మధ్యలో ఒక వృద్ధుడి పరువు వీధిలో పడింది.

సులహ్ ఎలా కుదిరింది?

ఇంటిని అమ్మినట్టుగా అప్పగించే బాధ్యత అమ్మినవానిదే. తెలిసి పోయినా తెలియక పోయినా మోటారు తెప్పించవలసింది ఆయనే. కానీ ఈలోగా దాని వైండింగు కాలింది. ఇక్కడ నేను వారికి హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) ఉదంతం వినిపించాను. ఆయన తన బాకీ గురించి మస్జిదె నబవీలో గట్టిగా వాదిస్తుంటే దైవప్రవక్త (సల్లం) తన గది తెర తొలగించి, సగం వదిలేయమని సైగ చేశారు. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అప్పుడు రెండవ వ్యక్తిని లేచి మిగతాది చెల్లించమన్నారు (బుఖారీ). ఒకరు కొంత వదిలారు, మరొకరు ఆలస్యం చేయకుండా ఇచ్చారు. సులహ్ అంటే అదే.

కొన్నవారు రిపేరు ఖర్చులో సగం భరించారు. పెద్దాయన గేటు, మోటారు తిరిగి బిగించి ఇచ్చాడు. ఫ్యాన్లు, ఇన్వర్టరు ఆయన దగ్గరే ఉన్నాయి. చివరిగా ఒక మాట చెప్పాను: “దొంగ” అన్న మాటను ఎక్కడ అన్నారో అక్కడే వెనక్కి తీసుకోవాలి. ఆ తమ్ముడు అదే టీ అంగడి దగ్గర, అదే నలుగురి ముందు, “చాచా, తప్పు మాట్లాడాను, మాఫ్ చేయండి” అన్నాడు.

ఇలాంటి రాజీ ఇరువైపుల సమ్మతితోనే నిలుస్తుంది. దారుల్ ఖజా తీర్పుకు గానీ ఫత్వాకు గానీ చట్టపరంగా అమలు చేయించే శక్తి లేదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. పెద్దల మాట వినకపోతే లోక్ అదాలత్ ఉంది. అక్కడ కుదిరిన రాజీకి 1987 నాటి చట్టం ప్రకారం సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది.

తగవు రాకముందే చేయవలసినవి

1. బేరం రోజునే ఇంటి గదులన్నీ కలిసి తిరిగి, ఏది ఉంటుందో ఏది పోతుందో కాగితం మీద రాసుకోండి. మోటారు, ట్యాంకు, ఫ్యాన్లు, చెట్ల కాపు అన్నీ రాయండి.
2. ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. అప్పును రాసుకోవాలని, క్రయవిక్రయాలకు సాక్షులను పెట్టుకోవాలని ఆదేశించే అల్ బఖరా 282వ ఆయతు ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైనది.
3. అమ్మేవారు ఇంట్లో అందరికీ, ముఖ్యంగా కొడుకులకూ అద్దెకున్నవారికీ ఆ జాబితా చూపించండి.
4. తాళం చెవి తీసుకునే రోజు, ఆ జాబితా పట్టుకొని, అమ్మినవారి సమక్షంలోనే ఇల్లు తెరవండి.

దైవప్రవక్త (సల్లం) పూర్వకాలపు ఇద్దరు మనుషుల గురించి చెప్పారు (బుఖారీ). ఒకడు భూమి కొన్నాడు, అందులో బంగారం నిండిన కుండ దొరికింది. “నేను భూమినే కొన్నాను, బంగారం నీది” అని తిరిగి ఇవ్వబోయాడు. “భూమినీ అందులో ఉన్నదాన్నీ అమ్మేశాను” అని అమ్మినవాడు తీసుకోలేదు. తీర్పరి ఒకరి కొడుకుకూ మరొకరి కూతురికీ పెళ్లి చేసి, ఆ బంగారాన్ని వారి మీద ఖర్చు చేయమన్నాడు. ఎదుటివాని సొమ్ము తమ దగ్గర ఉండిపోతుందేమోనని వారు భయపడ్డారు. తమ సొమ్ము ఎదుటివాని దగ్గర ఉండిపోతుందేమోనని మనం భయపడుతున్నాం.

అల్లాహ్ మనకు ఆ మొదటి భయాన్ని ప్రసాదించుగాక! మన ఇళ్లలో, మన బేరాల్లో బర్కత్ కలిగించుగాక! ఆమీన్.