ఎండతో హైడ్రోజన్: పరిశోధనకు సై అంటేనే రండి

గ్రీన్ హైడ్రోజన్ మాట వినగానే నానోటెక్నాలజీలో ఎమ్మెస్సీ చేసేస్తే ఆంధ్రప్రదేశ్‌లోని పూడిమడకలో ఉద్యోగం దొరుకుతుందనుకోవద్దు. 2025 జనవరిలో ఎన్టీపీసీ గ్రీన్ ఎనర్జీ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగిన ఆ చోట నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసేవి కరెంటుతో నడిచే ఎలక్ట్రోలైజర్లు. అలాంటి ప్లాంట్లకు ముందుగా కావలసింది కెమికల్, ఎలక్ట్రికల్, మెకానికల్ ఇంజినీర్లు. కరెంటు లేకుండా నేరుగా ఎండతోనే ఆ పని చేయించే ఫొటోక్యాటలిసిస్ ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్‌పై కాంతి పడేలా చేసి నీటిని విడగొట్టారు. చిక్కల్లా ఆ పదార్థం పీల్చుకునేది అతినీలలోహిత కిరణాలనే. ఎండలో వాటి వాటా సుమారు 5 శాతం. అందుకే మామూలు వెలుతురును పట్టే కాడ్మియం సల్ఫైడ్, కార్బన్ నైట్రైడ్ వంటి నానో పదార్థాలు, వాటికి తోడు ప్లాటినం, నికెల్ వంటి ఉత్ప్రేరకాలు రంగంలోకి వచ్చాయి. 2021లో టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన డోమెన్ బృందం వంద చదరపు మీటర్ల ప్యానెళ్లతో సాధించిన గరిష్ఠ సామర్థ్యం 0.76 శాతమే. పరిశోధకులకు చేతినిండా పని ఉందన్నమాట!

ల్యాబ్‌లో ఆ పని ఇలా ఉంటుంది. చిటికెడు ఉత్ప్రేరక పొడిని నీటిలో కలిపి క్వార్ట్జ్ రియాక్టర్‌లో పోస్తారు. నైట్రోజన్ పంపి గాలిని వెళ్లగొట్టి, దీపం వేస్తారు. గంటగంటకూ సిరంజితో వాయువు లాగి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌కు ఎక్కించి హైడ్రోజన్ ఎంతో లెక్కకడతారు. రియాక్టర్ మూత దగ్గర కాస్త లీకైతే ఆ రోజు శ్రమంతా వృథా. ఓపిక లేనివాళ్లకు ఇది నరకం.

కెమిస్ట్రీ, ఫిజిక్స్, మెటీరియల్స్ సైన్స్‌లలో దేనిలో ఎమ్మెస్సీ చేసినా ఇటు రావచ్చు. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే తొలి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆపై రూ.42,000 ఫెలోషిప్ అందుతుంది. కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో సౌర ఇంధనాలపైనే పనిచేసే ల్యాబ్ ఉంది. హైదరాబాద్‌లో ఐఐసీటీ, ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థలు ఉన్నాయి. ఇలాంటి చోట్ల నేర్చిన ఎలక్ట్రోకెమిస్ట్రీ, పదార్థాల విశ్లేషణ బ్యాటరీ, ఉత్ప్రేరక కంపెనీల్లోనూ అక్కరకొస్తాయి. కానీ ఇంటికి వెంటనే జీతం కావాల్సినవారు ఎలక్ట్రోలైజర్ల వైపు వెళ్లడమే మంచిది.

పీహెచ్‌డీకి గైడ్‌ను ఎంచుకునే ముందు రెండు విషయాలు అడగండి: క్రొమటోగ్రాఫ్ ల్యాబ్‌లోనే ఉందా? మిథనాల్, గ్లిజరాల్ లాంటివి కలపకుండా వట్టి నీటితో ఫలితం వచ్చిందా? అవి కలిపితే అంకె పెద్దదే కనిపిస్తుంది గానీ, నీటిని పూర్తిగా విడగొట్టినట్టు కాదు.